శామీర్‌పేట చెరువులో సర్వే పడవ

1946లో వానలు వెనకపట్టాక నన్ను మేడ్చల్ సబ్‌డివిజన్‌లో ఓవర్సీరుగా వేశారు. హుకుంలో రాసిన పని ఒక్కటే. శామీర్‌పేట పెద్ద చెరువు అడుగును కొలవడానికి పడవ తయారు చేయించాలి. ఆ పడవతో సర్వే ముగించి, ఎంత పూడిక పేరుకుందో నక్షాతో సహా దాఖలు చేయాలి. నిజాం రాజ్యానికి సముద్రం లేదు గనుక మా నీటిపారుదల శాఖలో పడవ గీయడం వచ్చినవాళ్లూ లేరు. నాకు వచ్చునని ఎవరో పైవాళ్లతో చెప్పారు.

యుద్ధం నడిచిన రోజుల్లో నేను బొంబాయిలో ఒక నౌకల యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మాది బొల్లారం పక్కన కౌకూర్. బొంబాయి వెళ్లేదాకా మోకాలు దాటిన నీళ్లలో దిగి ఎరగను. ఆ యార్డుకు ఒక పాత సరుకు స్టీమరు వచ్చింది. దాన్ని సర్వే నౌకగా మార్చేటప్పుడు కొత్త గదుల నక్షాలు గీసిన నలుగురైదుగురిలో నేనొకణ్ణి.

సర్వే నౌక అంటే సముద్రం అడుగును కొలిచి పటం గీసే నౌక. యుద్ధనౌకకు వేగం కావాలి, సరుకు నౌకకు కడుపు కావాలి. సర్వే నౌకకు కావలసింది నెమ్మదిగా, వంకర పోకుండా, గీత గీసినట్టు నడవడం. చాలా నౌకలు వేగం తగ్గిస్తే గాలి ఎటు తోస్తే అటు తిరుగుతాయి. అందుకే మేము ఆ స్టీమరు వెనక చుక్కాని పెద్దది చేశాం. పటాలు గీసే గదిని ఊపు తక్కువగా ఉండే నడిమి భాగంలో కట్టాం. రెండు పక్కలా చిన్న పడవలు వేలాడదీశాం, నౌక వెళ్లలేని తక్కువ నీళ్లలోకి అవి వెళ్లాలి గనుక. దిక్సూచి చుట్టూ ఇనుము లేకుండా అన్నీ ఇత్తడివి బిగించాం. లోతు కొలిచే మనిషి నిలబడడానికి నౌక పక్కన చిన్న అరుగు వేశాం. అతను సీసపు గుండు కట్టిన తాడును నీళ్లలోకి విసిరి, గుండు అడుగు తాకగానే తాడు మీది గుర్తు చూసి లోతు పలుకుతాడు. ఆ నౌక బర్మా వైపు నదీముఖాలు కొలవడానికి వెళ్లి, యుద్ధం ముగిశాక తుప్పుపట్టి తిరిగొచ్చింది. దాన్ని మళ్లీ సరుకులకు అమ్మేశారు. నన్నూ ఇంటికి పంపారు.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కరీముద్దీన్ సాబ్. మా ఆఫీసు ఉర్దూలో ఆ హుద్దాను మొహతమీమ్ అనేవారు. పని తెలిసిన మనిషి, చేతులు శుభ్రంగా ఉన్న మనిషి. కానీ ఎవరు ఏ మాట చెప్పినా, దాని వెనక ఇంకెవరున్నారని చూసేవాడు. అది ఆ కాలపు గుణం కూడా. తెల్లవాళ్లు వెళ్లిపోతారన్నారు, నిజాం ఎటు ఉంటాడో ఎవరికీ తెలియదన్నారు. నల్లగొండ వైపు ఊళ్లలో దొరల మీద రైతులు తిరగబడుతున్నారన్న వార్తలు రోజూ వచ్చేవి. కొత్త మనిషి ఊళ్లో కనబడితే ఎవరి తరఫున వచ్చాడని అడగడం అలవాటైపోయింది.

పడవను మేడ్చల్ రైలుస్టేషన్ పక్కన ఒక రేకుల షెడ్డులో కట్టాం. నిజామాబాద్ వైపు నుంచి టేకు చెక్క రైలులో వచ్చేది. చెరువులో అంచుల వెంట నీళ్లు తక్కువ, కాబట్టి పడవ లోతుగా మునగకూడదు. అలా తేలే పడవలో మనిషి నిలబడి గుండు విసిరితే అది పక్కకు ఒరుగుతుంది. ఈ రెంటికీ కలిపి నేను జోడు పడవ గీశాను. సన్నటి రెండు పడవలు పక్కపక్కన, వాటిని కలుపుతూ పైన చెక్కల అరుగు. గుండు విసిరే మనిషికి ముందు చోటు, నక్షా బల్లకు నడిమి చోటు. నాలుగు బోల్టులు విప్పితే మూడు ముక్కలై ఎడ్లబండ్ల మీదికి ఎక్కుతుంది.

వడ్రంగి మోజెస్ మేస్త్రీ మా చర్చివాడే. షెడ్డు మొదలైన వారంలోనే పోలీసు జమేదారు వచ్చి పడవ చుట్టూ తిరిగి, "సముందర్ నహీఁ, జహాజ్ కాయ్‌కూ?" అని అడిగాడు. సముద్రం లేనిచోట ఓడెందుకన్న అతని ప్రశ్నకు నేను చెరువు పేరు చెప్పాను. తలూపాడే గానీ నమ్మలేదు. మళ్లీ ఒకరోజు మేస్త్రీ పని ముందే ముగించి పనిముట్లు సర్దుకుంటుంటే ఎక్కడికని ఆపాడు. మేస్త్రీ అమాయకంగా, "సంఘం మీటింగున్నది సాబ్, జల్దీ పోవాలె" అన్నాడు. మాకు సంఘమంటే చర్చి సభ్యులు. ఆ రోజుల్లో పోలీసులకు సంఘమంటే దొరల మీద తిరగబడ్డ రైతుల జట్టు. మేస్త్రీని ఠాణాలో కూర్చోబెట్టి, ఆ మీటింగులో ఎవరెవరుంటారని పేరుపేరునా అడిగారు. అతను పాస్టరుగారి పేరుతో మొదలుపెట్టి పాటలు పాడే ఆడవాళ్ల పేర్లదాకా చెప్పాడు. పాస్టరుగారు స్వయంగా వచ్చి పూచీ పడితే గానీ వదల్లేదు. మరునాడు మేస్త్రీ షెడ్డుకొచ్చి నాతో, "ఇగ నేను ఎటు పోతున్ననో నీకు గూడ చెప్ప సామేలూ" అన్నాడు. ఆ తరువాత పనిలో ఉన్నంతసేపూ నోరు విప్పేవాడు కాదు.

చలికాలం మొదట్లో పడవను శామీర్‌పేట తీసుకెళ్లి నీళ్లలోకి దించాం. తొక్కి చూశాను, ఊగలేదు. గడలతో తోస్తే గీత తప్పకుండా నడిచింది. నేను గీసిన వాటిలో నా కళ్లముందు నీళ్లలోకి దిగిన మొదటి పడవ అది. సంతోషించే వ్యవధి దొరకలేదు. కట్ట మీద గుమిగూడిన జనంలో ఒక్కరూ నవ్వలేదు.

దానికి కారణం ఉంది. పూడిక ఎక్కువని తేలితే మత్తడి ఎత్తు పెంచాలన్న ప్రతిపాదన పైన నడుస్తోంది. మత్తడి అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే గోడ. అది పెరిగితే నీళ్లు వెనక్కి ఎక్కుతాయి. చెరువు తగ్గినప్పుడు బయటపడే నేలను శికం అంటారు. తూర్పు అంచున ఆ శికంలో కొన్ని కుటుంబాలు దోస పాదులు, కూరగాయలు వేసుకుని బతికేవి. మత్తడి పెరిగితే ఆ మడులు శాశ్వతంగా నీళ్లపాలు. మేము కొలతలకు వచ్చామని చెబితే, మడులు ముంచడానికి వచ్చామని వాళ్లకు వినబడేది.

గుండు విసరడానికి ఊరి బెస్తల్లోంచి ఎల్లయ్యను పెట్టుకున్నాను. నడివయసు మనిషి, తక్కువ మాటలు, నీళ్ల మీద కాలు కుదిరినవాడు. చెరువు అడుగు తనకు తెలుసని ఎప్పుడూ అనలేదు. గుండు చెప్పిందే పలికేవాడు. పడవలో నాతో పాటు అతనూ, గడ తోసే ఖలాసీ సాయిలూ ఉండేవాళ్లు.

కొలిచే పద్ధతి కొంచెం చెప్పాలి. లోతు తెలిస్తే చాలదు, ఆ లోతు ఎక్కడిదో తెలియాలి. అందుకు ఒడ్డున ముందే కొలిచి పెట్టుకున్న గుర్తులుంటాయి. పడవ ఆపి, సెక్స్‌టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో మూడు గుర్తుల మధ్య కోణాలు తీస్తే, నక్షా మీద పడవ నిలిచిన చోటు ఒక్క చుక్కగా దొరుకుతుంది. తూర్పు వైపు గీతలకు నా గుర్తులు మూడు. కట్ట మీది తూము గది, అవతలి గుట్ట మీద వేసిన సున్నపు గుర్తు, శికం పైన ఒక చిన్న దిబ్బ మీద ఖలాసీలు పాతిన తెల్లజెండా.

గీతలన్నీ ఒక దిక్కుగా నడిచాక, వాటికి అడ్డంగా కొన్ని గీతలు నడపాలి. నౌకల్లో దీన్ని చెక్ లైన్ అంటారు, నేను అడ్డగీత అనేవాణ్ణి. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసిన చోట లోతు ఒకటే రావాలి. రాకపోతే రెంటిలో ఒకటి తప్పు. అడ్డగీతలు నడిపిన రోజుల్లో ఎల్లయ్య లేడు. మేడ్చల్‌లో చుట్టాలింట చావైతే వెళ్లాడు. గుండు సాయిలు విసిరాడు. ఆ గీతలకు జెండాతో అవసరం పడలేదు, దాని బదులు ఒడ్డున కనబడే ఒక దర్గా గుమ్మటాన్ని గుర్తుగా తీసుకున్నాను.

నక్షా మీద వేసి చూస్తే తూర్పు అంచున ఎక్కడా కలవలేదు. ఎల్లయ్య పలికిన లోతులు ప్రతిచోటా సాయిలు పలికిన వాటికంటే ఎక్కువ. అప్పటిదాకా కొలిచిన మిగతా చెరువంతా సరిపోయింది, శికం వైపు మాత్రమే తేడా.

కరీముద్దీన్ సాబ్ ఆ వారమే తనిఖీకి వచ్చి నక్షా చూశాడు. ఎల్లయ్య ఎవరని అడిగాడు. అతని బావమరిదికి శికంలో మడి ఉందని సబ్‌డివిజన్ ఆఫీసులో ఎవరో అప్పటికే ఆయన చెవిన వేశారు. ఆయన లెక్క సూటిగా ఉంది: లోతు ఎక్కువ పలికితే పూడిక తక్కువని తేలుతుంది, పూడిక తక్కువైతే మత్తడి పెరగదు, మత్తడి పెరగకపోతే బావమరిది మడి మిగులుతుంది. నేను కూడా ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయాను. సర్కారు కొలతలు చెడగొట్టినవాణ్ణి ఠాణాకు అప్పగించాలని, దాని వెనక రైతుల సంఘం ఉందో లేదో వాళ్లే రాబడతారని ఆయన అన్నాడు. ఆ రోజుల్లో అలా అప్పగించిన మనిషి ఏ స్థితిలో తిరిగొస్తాడో నాకు తెలుసు. ఒకసారి సరిచూసుకుంటానని గడువు అడిగాను. ఇచ్చాడు గానీ వెళ్తూ వెళ్తూ, ఆ బెస్తవాడు మీ చర్చిలో చేరాడా అని అడిగాడు. లేదన్నాను. ఆయన నా ముఖం వైపు కాసేపు చూసి జీపెక్కాడు. నా మీద కూడా ఒక లెక్క వేసుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

ఎల్లయ్య తిరిగొచ్చాక ఏమీ చెప్పకుండా పనిలో పెట్టుకుని, తూర్పు గీతల మీదికే మళ్లీ వెళ్లాను. అతను ముందు నిలబడి గుండు విసురుతుంటే, నేను వెనక కొసన అడుగుల గుర్తులు పెట్టిన వెదురు గడను నీళ్లలోకి దించి చూశాను. అతను పలికింది ఒక్కసారి కూడా తప్పలేదు. తాడును ఒడ్డున ఉక్కు టేపుతో కొలిచాను. కొత్త తాడు తడిస్తే ముడుచుకుని లోతు ఎక్కువ చూపిస్తుంది. ఇది ముందే నానబెట్టి సాగదీసిన తాడు, సరిగానే ఉంది. అంటే మనిషి, తాడు రెండూ నిజమే చెబుతున్నాయి. లోతు సరైనదే అయినప్పుడు తప్పు ఉండగలిగేది చోటులో.

మరునాడు నేల మీద నుంచి కోణాలు తీసే థియోడలైట్‌ను కట్ట మీద నిలిపి మూడు గుర్తులనూ కొత్తగా కొలిచాను. తూము గది, సున్నపు గుర్తు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. తెల్లజెండా తన చోట లేదు. నీళ్ల మీద నుంచి చూసేవాడికి జెండా కనబడుతుంది, దాని కింద నేల కనబడదు. అది పక్కకు జరగడంతో, నీళ్ల లోపల తీసిన లోతులు నక్షా మీద ఒడ్డు వైపు జరిగి కూర్చున్నాయి.

ఎవరో జరిపారన్నమాట. మొదట నాకూ తోచింది కరీముద్దీన్ సాబ్‌కు తోచేదే. శికం వైపు నడుస్తూ, ఎల్లయ్య బావమరిది పేరు ఎవరిని అడగాలా అని ఆలోచించాను.

జెండా ఒక గట్టు మీద నిటారుగా ఉంది. చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి, మా ఖలాసీలు పేర్చినదానికంటే గట్టిగా. పక్క మడిలో ఒకామె దోస పాదులకు నీళ్లు పోస్తోంది. పేరు పోచవ్వ. ముసలిదేమీ కాదు, నలభై ఉంటాయేమో. ఈ జెండా ఇక్కడికి ఎవరు తెచ్చారని అడిగాను. ఆమె కడవ దించింది.

"నేనే దెచ్చిన సారూ. మీరు పాతిన తెల్లారే."

"ఎవరు తెమ్మన్నారు?"

"ఎవలు జెప్పాలె? గా దిబ్బ మా నాయినది. పోయినేడు ఆన్నే మట్టిజేసినం. మనిషి రొమ్ము మీద గుంజ పాతిన్రు మీ వోళ్లు. సూస్కుంట ఊకుంటమా?"

నేను దిబ్బ వైపు చూశాను. నాలుగు వైపులా నాలుగు రాళ్లు. తెలిసినవాడికి సమాధి, తెలియనివాడికి ఎత్తయిన చోటు.

"మరి మాకెందుకు చెప్పలేదమ్మా?"

"పాతేటప్పుడు మీరు అడిగిన్రా?" అంది. ఆ మాటలో కోపం లేదు. "సర్కారు జెండ పారేస్తె పట్కపోతరని పదిలంగ నిలవెట్టిన. పడకుంట రాళ్లు గూడ పెట్టిన. అది గీడుంటె ఏంది, ఆడుంటె ఏంది?" అంది.

అది ఎక్కడుందన్నదే మా పనంతా అని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఎల్లయ్య నీకేమవుతాడని మాత్రం అడిగాను. అలాంటి ప్రశ్న అడగక తప్పని రోజులవి. చేపలమ్మడానికి వస్తాడు, ఏమీ కాడంది. ఆ తరువాత ఆమె నా వంక చూసిన తీరు మారింది. ఎల్లయ్యకు ఏమైందని అడగలేదు. కడవ ఎత్తుకుని మడి లోపలికి వెళ్లిపోయింది.

జెండా ఇప్పుడున్న చోటును కొలిచి, ఆ చోటు ప్రకారం తూర్పు గీతలన్నీ కొత్తగా నక్షా మీద వేశాను. పాత కోణాలు, పాత లోతులు, ఒక్క అంకె మార్చలేదు. గీతలు కోసుకున్న ప్రతిచోటా లోతులు కలిశాయి. జెండా పాతిన మరునాడే, అంటే మొదటి గీతకు ముందే, జరిగిందన్న ఆమె మాటకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కొత్త నక్షా పట్టుకుని ఆఫీసుకు వెళ్లి జరిగింది చెప్పాను. కరీముద్దీన్ సాబ్ ఇంజనీరు గనుక నక్షాలో వంక పెట్టలేదు. దాని మీద సంతకం చేశాడు. అయినా ఆ ఆడమనిషిని ఎవరు పంపారో తెలుసుకోవాలన్నాడు. ఆమె తండ్రి సమాధి అని మళ్లీ చెప్పాను. "కాగజ్ సాఫ్ హై" అన్నాడు. కాగితం శుభ్రంగానే ఉంది, మనుషుల సంగతి తనకు తెలియదని దాని అర్థం. ఆమెను ఠాణాకు పిలిపిస్తే, జెండా ఎక్కడ పాతుతున్నామో చూడకుండా పాతింది మన ఖలాసీలేనన్న మాట రికార్డులోకి ఎక్కుతుందని నేను అన్నాను. ఆయన కలం మూత పెట్టి, ఇక వెళ్లమన్నాడు. పోచవ్వను ఎవరూ పిలవలేదు, ఎల్లయ్యనూ అప్పగించలేదు. నేను ఆ సబ్‌డివిజన్‌లో ఉన్నంతకాలం నా కాగితాలు మాత్రం రెండో మనిషి చూసిన తరువాతే ఆయన దగ్గరికి వెళ్లేవి.

ఇంకో గుర్తు వేరేచోట కట్టి సర్వే కొనసాగిద్దామని ఎల్లయ్యకు కబురు పంపాను. అతను రాలేదు. నేనే అతని ఇంటికి వెళ్లాను. వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. గోనెపట్టా పరిచి కూర్చోమన్నాడు, నీళ్లిచ్చాడు. తప్పు నీది కాదని తేలింది, రేపటి నుంచి రమ్మన్నాను.

"నేను ముంగట గుండు ఏస్తుంటె మీరు ఎనుక గడ ఏసుడు నాకు ఎర్కలేదనుకున్నరా సార్?" అన్నాడు.

నిన్ను ఠాణాకు పోకుండా ఆపింది ఆ గడేనని చెప్పాను. ఉన్నది ఉన్నట్టు, కరీముద్దీన్ సాబ్ మాటలతో సహా చెప్పాను. అతను అంతా విన్నాడు. వల మీద చేతులు ఆగలేదు.

"మంచిగ జేసిన్రు. కాదంటలేను. గానీ నన్ను తూచి నమ్మిన్రు. తూచక ముంగట నేను దొంగనే గద, మీ మనసుల?"

గడ వేయకపోతే అతను జైలుకు వెళ్లేవాడు. గడ వేశాను గనుక నా పడవ ఎక్కనన్నాడు. కోపంతో అన్న మాట కాదది. నేను లేచేటప్పుడు లేచి నిలబడి దండం పెట్టాడు. మిగిలిన సర్వే అంతా సాయిలు గుండు విసిరాడు.

పూడిక అనుకున్నంత లేదని తేలింది. ఎల్లయ్య లోతులు కొత్త చోట్లకు జరిపాక శికం వైపు లోతు కొంత తగ్గినా, మత్తడి పెంచాల్సినంత అవసరం కనబడలేదు. ఆ ప్రతిపాదన కాగితాల్లోనే నిలిచిపోయింది. మడులు మిగిలాయి. అవి మిగిల్చింది ఎల్లయ్య అబద్ధమేనని ఆఫీసులో కొందరు, ఎవరి చేతులో తడిసి ఉంటాయని ఊళ్లో కొందరు చాలాకాలం అనుకున్నారు.

జోడు పడవ ఆ తరువాత ఇంకో రెండు చెరువుల మీద పనిచేసింది. బోల్టులు విప్పి బండ్ల మీద తీసుకెళ్లడం నేను ఆశించినంత సులువుగానే జరిగింది. 1948లో పోలీసు చర్య జరిగిన నెలల్లో అది మళ్లీ శామీర్‌పేట కట్ట మీద బోర్లించి ఉంది. అందులో ఎవరో తుపాకులు దాచారని పుకారు పుట్టింది. ఎవరు పంపారో తెలియదు, కొందరు వచ్చి అడుగు పలకలు ఊడబెరికి చూశారు. లోపల ఏమీ లేదు. పలకలు తిరిగి బిగించినవాళ్లూ లేరు. నేను వెళ్లి చూసేసరికి ఒక పడవ ఎండకు పగిలిపోయింది, రెండోది పొయ్యిలోకి పోయింది. మోజెస్ మేస్త్రీకి చెబితే, "దాని కడుపుల గూడ సంఘం దొరుకుతదనుకున్నరా ఏంది?" అన్నాడు.

నేను ఆ తరువాత ఉద్యోగం ముగిసేదాకా చెరువులు, జలాశయాలు కొలిచాను. శామీర్‌పేట నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. గుర్తు పాతే ముందు ఆ నేల ఎవరిదో, కింద ఏముందో ఒడ్డు మీది మనిషిని అడగాలి. రెండోది, సరిచూసే పనిని మొదటిరోజే మొదలుపెట్టాలి. పడవ నీళ్లలోకి దిగినరోజే అందరినీ నిలబెట్టి, గుండు వెనక గడ పడుతుందని, నేను తీసిన కోణాన్ని ఇంకొకరు తీస్తారని, ఇది ఎవరి మీదా అనుమానంతో కాదని చెప్పేవాణ్ణి. ముందు చెప్పి చేస్తే అది పని పద్ధతి. తేడా వచ్చాక చెప్పకుండా చేస్తే, ఫలితం ఏదైనా, అది నేరం మోపడమే. కొలతలకు రెండూ ఒకటే. మనుషులకు కాదు.